లేయర్లను కలిపేయడం: అపోహలు – వాస్తవాలు

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే నా దగ్గరకు తరచుగా ఒకే రకమైన ఫైలు వస్తుంది. పేరు చివర పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫార్మాట్) అని ఉంటుంది కానీ, ఫొటోషాప్‌లో తెరిస్తే, ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల్లాంటి లేయర్లు ఉండాల్సిన చోట బ్యాక్‌గ్రౌండ్ అనే ఒక్క లేయరే కనిపిస్తుంది. తెచ్చినవారు అడిగేది తాతగారి పేరులో ఒక అక్షరం దిద్దమని మాత్రమే. అయితే ఆ పేరు అప్పటికే వెనకనున్న పట్టుచీర అంచుతో కలిసి పిక్సెళ్లుగా మారిపోయి ఉంటుంది.

అపోహ: లేయర్లన్నీ కలిపి సేవ్ చేస్తేనే ప్రింటు బాగా వస్తుంది.

వాస్తవం: కలిపినంత మాత్రాన నాణ్యత రవ్వంతైనా పెరగదు. ప్రింటు వేసే ల్యాబ్‌కు జేపీఈజీ కావాలన్నది నిజమే. ఆ ఫార్మాట్‌లో లేయర్లు ఉండవు కాబట్టి, ‘సేవ్ ఎ కాపీ’తో జేపీఈజీ తీసినప్పుడు అవి ఆ కాపీలో వాటంతటవే కలిసిపోతాయి, అసలు పీఎస్‌డీ చెక్కుచెదరదు. అలా కాక ‘ఫ్లాటెన్ ఇమేజ్’ నొక్కి అదే ఫైలుపై కంట్రోల్ ఎస్ కొడితే, మాస్కు (చెరపకుండా దాచే తెర) వెనక దాచిన భాగాలూ, ఆపేసి ఉంచిన లేయర్లూ పోతాయి, పారదర్శకంగా ఉన్న చోటంతా తెలుపు నిండుతుంది. చేసిన మార్పులను వెనక్కి తిప్పే హిస్టరీలో మామూలుగా 50 అడుగులు ఉంటాయని ధైర్యపడకండి, ఫైలు మూయగానే అవీ ఉండవు.

నేను పని నేర్చుకున్న స్టూడియోలో 12 బై 36 అంగుళాల షీట్లు చేసేవాళ్లం. అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో అది 10,800 బై 3,600 పిక్సెళ్లు. కంప్యూటర్ మొరాయిస్తోందని ఎప్పటికప్పుడు కలిపేయమనేవారు. ఒకసారి ముహూర్తం సమయం తప్పుపడి, మూడు షీట్లు మొదటినుంచి కట్టాల్సి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఫొటోలే పోయాయనుకుని కంగారుపడ్డారు. అలా భయపడేవారందరికీ చెప్పేది ఒక్కటే: కెమెరా ఫైళ్లు భద్రంగా ఉంటే ఫొటో ఎక్కడికీ పోదు, పోయేది వాటి మీద చేసిన పని.

అపోహ: రీటచ్ చేయాలంటే ముందు కలపక తప్పదు.

వాస్తవం: కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఈ కలిపి నొక్కితే, కనిపిస్తున్నదంతా పైన కొత్త లేయరుగా వస్తుంది, కిందివి అలాగే ఉంటాయి.

అపోహ: కలిపితే రంగులు మారవు.

వాస్తవం: కొన్నిసార్లు మారతాయి. కింది రంగును ముదురు చేసే ‘మల్టిప్లై’ పద్ధతిలో ఉన్న బూడిదరంగు నీడను కత్తిరించిన బొమ్మతో కలిపితే, బొమ్మ అంచు దాటిన నీడ వెనకనున్న రంగుతో కలవడం మానేసి, బూడిదరంగు మచ్చలా నిలుస్తుంది.

అవతలి షాపులో ‘అను’ అనే తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాలు చెదురుతాయన్న భయంతో కలిపేవారూ ఉన్నారు. ఆ భయం న్యాయమైనదే. అందుకు టెక్స్ట్ లేయరుకు నకలు తీసి, ఆ నకలును ‘కన్వర్ట్ టు షేప్’తో ఫాంట్ అక్కర్లేని ఆకారాలుగా మార్చి, అసలు టెక్స్ట్ లేయరును కన్ను గుర్తు ఆపి అదే ఫైలులో ఉంచండి.