అపోహలు - వాస్తవాలు: బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక "అసలేం తినట్లేదు" అని మురిసిపోయేవాళ్ళ కోసం

ఫాలో-అప్‌కి వచ్చినవాళ్ళలో కొంతమంది కుర్చీలో కూర్చోగానే గర్వంగా చెప్పే మాట ఒకటుంది, "మేడమ్, నేను అసలేం తినట్లేదు, నాలుగు చెంచాల సూప్ తాగితే చాలు కడుపు నిండిపోతోంది, బరువు మాత్రం సూపర్‌గా పడిపోతోంది" అని. పక్కన కూర్చున్న ఇంట్లోవాళ్ళు కూడా చూశారా ఎంత కంట్రోలో అన్నట్టు తలూపుతుంటారు. నాకేమో గుండె గుభేల్‌మంటుంది. బేరియాట్రిక్ డైటీషియన్ (బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళ తిండి చూసుకునే మనిషి) అంటే తినొద్దు తినొద్దు అని చెప్పే మనిషి అనుకుంటారు గానీ, నా టైమ్ ఎక్కువగా పోయేది తినండి మహాప్రభో అని బతిమాలడానికే. స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం కోసి తీసేసేది) గానీ బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపేది, గుండె బైపాస్ కాదు) గానీ చేయించుకున్నవాళ్ళు, చేయించుకోబోతున్నవాళ్ళు, అంతకంటే ముఖ్యంగా వాళ్ళకి వండిపెట్టేవాళ్ళు ఇది చదవండి. మీ టీమ్ ఇచ్చిన చార్టుకీ నేను రాసినదానికీ ఒకటి రెండు వారాలు అటూ ఇటూ ఉంటే చార్టునే ఫాలో అవ్వండి, సెంటర్‌ని బట్టి కొంచెం తేడాలుంటాయి.

అపోహ: ఎంత తక్కువ తింటే అంత త్వరగా తగ్గుతాం. వాంతులా? ఈ ఆపరేషన్ అయినవాళ్ళకి అవి మామూలే.

అందరికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి దీని మీద ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి నెలల్లో తక్కువ తినడం అనేది మీరు పంతం పట్టి సాధించాల్సిన పనేం కాదు, అది దానంతటదే జరుగుతుంది. స్లీవ్‌లో పొట్ట ముప్పావు వంతు పైనే తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో మిగిల్చే పౌచ్‌లో, అంటే ఆ చిన్న సంచిలో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు. ఇంక మీరు కొత్తగా కడుపు మాడ్చుకునేదేముంది? బరువు ఎలాగూ పడుతుంది, పడేది కొవ్వా కండా అన్నదొక్కటే మీ చేతిలో ఉంది. ప్రోటీన్ అందకపోతే శరీరం కండనే కరిగించి వాడుకుంటుంది, బరువు చూసే మిషన్ మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్, చాలామందికి 60 నుంచి 80 మధ్య రాస్తాం. ఇప్పుడు లెక్క చూడండి, ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల పాలలో 8. వడకట్టిన సూప్‌లోనా, ఉప్పూ వాసనా తప్ప దాదాపు ఏమీ ఉండదు. పూటకి నాలుగైదు చెంచాలే పట్టే రోజుల్లో వంటింటి తిండితోనే 60 అందుకోవడం కుదరదు కాబట్టే ప్రోటీన్ పౌడర్ కలిపిన షేక్ రాసిస్తాం, బాడీ బిల్డింగ్ చేయించడానికి కాదు. "ఆ పౌడర్లు కిడ్నీలు పాడుచేస్తాయంట కదా" అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్ళకి లెక్క వేరు, వాళ్ళకి మేం వేరేగా రాస్తాం. మీ కిడ్నీలు బాగున్నాయని ఆపరేషన్‌కి ముందు టెస్టుల్లో తేలాక ఈ 60, 70 గ్రాములకి భయపడక్కర్లేదు, ఆ మోతాదు పెద్దదేం కాదు కూడా.

ఒకావిడ గుర్తొస్తోంది. బరువు అనుకున్నదానికంటే బాగా ముందుగా తగ్గింది, చాలా సంతోషంగా వచ్చింది, షేక్ రుచి నచ్చక ఎప్పుడో మానేశానని నవ్వుతూనే చెప్పింది. మాటలయ్యాక లేచేటప్పుడు చూశాను, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ముందుకి వంగి, ఒక ఊపు తీసుకుంటే గానీ లేవలేకపోయింది. అంతకుముందు అంత బరువుతో కూడా మామూలుగా లేచిన మనిషి. తొడల్లో కండ పోయింది. మళ్ళీ కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని లేవమన్నాను, కుదర్లేదు, అప్పుడు ఆవిడకే భయమేసింది. అప్పట్నుంచీ ఫాలో-అప్‌కి ఎవరొచ్చినా బరువు చూడకముందు ఇలా లేచి చూపించమని అడుగుతున్నాను, మీరూ ఇంట్లో చేసి చూసుకోవచ్చు.

ఇక వాంతులు. మొదట్లో ఎప్పుడైనా ఒకసారి అవడం వేరు, దానికి కారణం చాలాసార్లు తినే పద్ధతిలోనే దొరుకుతుంది. గబగబా తినడం, సరిగ్గా నమలకపోవడం, మెత్తటి తిండి తినాల్సిన స్టేజ్‌లోనే గట్టివి మొదలెట్టడం, తింటూ నీళ్ళు తాగడం, లేదా "ఇంకొక్క ముద్దేగా" అని ఎవరో బలవంతం చేయడం. పూటకి ఇరవై, ముప్ఫై నిమిషాలు పెట్టుకోండి, చిన్న చెంచా వాడండి. పాత ఆకలీ పాత నిండుదనం ఇప్పుడు ఉండవు, సిగ్నల్స్ మారిపోతాయి. ఛాతీ మధ్యలో బరువుగా అనిపించడం, ఎక్కిళ్ళు, కొంతమందికైతే ఉన్నట్టుండి ముక్కు కారడం మొదలవుతుంది, నవ్వకండి, చాలామంది చెప్తారు. ఆ సిగ్నల్ వచ్చాక ఒక్క చెంచా కూడా వద్దు.

రోజూ వాంతులవడం, తాగిన నీళ్ళు కూడా నిలవకపోవడం మాత్రం మామూలు కాదు, ఎవరు చెప్పినా సరే మామూలు కాదు. తిండి వెళ్ళే దారి సన్నబడి ఉండొచ్చు, పుండు పడి ఉండొచ్చు, చూస్తే గానీ తెలీదు. ఆరోజే హాస్పిటల్‌కి ఫోన్ చేయాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఎందుకంత తొందర అంటే థయామిన్. విటమిన్ బి1. ఇది మన ఒంట్లో రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. తినేది తక్కువ, దానికి తోడు వేసుకున్న మాత్రలు కూడా వాంతిలో పోతుంటే ఆ నిల్వ ఇట్టే అడుగంటుతుంది. అప్పుడు దెబ్బ పడేది నరాలకి, మెదడుకి. నరాలకైతే కాళ్ళలో తిమ్మిర్లు, మంటలు. మెదడుకైతే మూడు లక్షణాలు. ఒక వస్తువు రెండుగా కనబడటం, నడిస్తే తూలడం, మాటల్లో తికమక. దీన్ని వెర్నికే ఎన్‌సెఫలోపతీ అంటారు, టైమ్‌కి పట్టుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. మూడు లక్షణాలూ కలిసి వస్తేనే అని కూర్చోవద్దు, చాలామందిలో అన్నీ కలిసి రావు.

ఒక పేషెంట్ భార్య నాకు ఫోన్ చేసింది, షేక్ ఫ్లేవర్ మార్చొచ్చా అని అడగడానికి. మాటల్లో మాటగా, "రోజూ కక్కుకుంటున్నారు మేడమ్, గ్రూప్‌లో అడిగితే బాడీ డిటాక్స్ అవుతోంది, అలాగే ఉంటుంది అన్నారు" అంది. ఇంకేమైనా ఉందా అంటే, "ఏం లేదండీ, వీక్‌నెస్సే, బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్తున్నారు, టీవీలో బొమ్మలు రెండ్రెండు కనిపిస్తున్నాయంటున్నారు, నిద్ర సరిపోక అనుకుంటా" అంది. ఫ్లేవర్ సంగతి తర్వాత, ముందు బండెక్కండమ్మా అన్నాను. ఐవీలో థయామిన్ ఎక్కించాక కళ్ళు కొద్ది రోజుల్లోనే సర్దుకున్నాయి, నడక బాగుపడటానికి నెలలు పట్టింది. ఆ ఇంటావిడ తప్పేం లేదు, ఆవిడ అడగాల్సిన ప్రశ్న అడిగింది, కాకపోతే అడగకూడని చోట అడిగింది. డిటాక్స్ అని చెప్పిన మహానుభావుడెవరో గానీ ఆయనకి దీని గురించి ఇప్పటికీ తెలిసుండదు.

ఇంకొక్క విషయం, ఇది తెలిస్తే మంచిది. వాంతులతో నీరసపడి రాత్రిపూట ఏ క్యాజువాలిటీకో వెళ్తే ముందు గ్లూకోజ్ బాటిల్ పెట్టే అవకాశం ఉంది. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి ఒంటికి థయామిన్ కావాలి, ఉన్న కాస్తా దానికే ఖర్చయిపోతే పరిస్థితి ఇంకా దిగజారొచ్చు. కాబట్టి గ్లూకోజ్‌కి ముందు గానీ దాంతోపాటు గానీ థయామిన్ పడాలి. మీకు తెలియని డాక్టర్ అయితే నోరు విప్పి చెప్పండి, ఏ ఆపరేషన్ అయింది, ఎప్పుడైంది, ఎన్నాళ్ళ నుంచి వాంతులు, థయామిన్ ఇస్తున్నారా అని. చెప్తే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

నీళ్ళు కూడా ఇక్కడే చెప్పేస్తాను. రోజుకి కనీసం లీటరున్నర, గుటక గుటకగా రోజంతా. తింటూ కాదు, తిన్నాక అరగంట ఆగి. యూరిన్ ముదురు రంగులోకి వచ్చిందంటే సరిపోవట్లేదని అర్థం.

అపోహ: బ్లడ్ రిపోర్ట్ నార్మల్ వచ్చింది, ఇక విటమిన్ మాత్రలు ఆపేయొచ్చు.

మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది! జీవితాంతం వేసుకోవాలి, స్లీవ్ అయినా సరే. బి12తో చిక్కేంటంటే అది లివర్‌లో చాలాకాలానికి సరిపడా నిల్వ ఉంటుంది, అందుకని ఆపేసిన వెంటనే ఏమీ తెలీదు, ఎప్పుడో అరికాళ్ళు మొద్దుబారినప్పుడు దానికీ ఆపరేషన్‌కీ లింకుందని ఎవరికీ తట్టదు. క్యాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాదు, రెండు మూడు భాగాలుగా. సిట్రేట్ రకమైతే కడుపులో యాసిడ్ తక్కువున్నా ఒంటబడుతుంది. ఐరన్ మాత్రకీ క్యాల్షియం మాత్రకీ మధ్య రెండు గంటలు గ్యాప్ ఉండాలి, రెండూ ఒకే గుప్పెట్లో పోసుకుని మింగేవాళ్ళే ఎక్కువ. రక్తపరీక్షలు మొదటి ఏడాది మీ టీమ్ చెప్పినన్నిసార్లు, తర్వాత ఏటా కనీసం ఒకసారి.

జుట్టు ఊడటం గురించి ఏడ్చినవాళ్ళని చూశాను, నిజంగా బాధగానే ఉంటుంది. మూడో నెల నుంచి మొదలవుతుంది సాధారణంగా, ఒక్కసారిగా బరువు తగ్గిన షాక్‌కి వచ్చేది, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే కొన్ని నెలల్లో ఆగి మళ్ళీ వస్తుంది. బయోటిన్ డబ్బాలు కొనేముందు ఒక మాట, ఎక్కువ డోస్ బయోటిన్ థైరాయిడ్ లాంటి కొన్ని టెస్టుల రిజల్ట్‌ని తప్పుగా చూపిస్తుంది, వాడుతుంటే శాంపిల్ ఇచ్చేముందు చెప్పండి.

అపోహ: పెద్ద ఆపరేషన్ కదా, నెల రోజులు మంచం దిగకూడదు.

మా వార్డులో అదే రోజు గానీ మర్నాడు గానీ నడిపిస్తాం. పేషెంట్ అత్తగారో అమ్మగారో మమ్మల్ని రాక్షసుల్లా చూస్తారు, కుట్లు ఊడిపోవా అని. పడుకునే ఉంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకి వెళ్ళే ప్రమాదం ఉంది, ఈ ఆపరేషన్ తర్వాత మేం గట్టిగా భయపడేవాటిలో అదొకటి. ఇంటికెళ్ళాక కూడా ఒకేసారి గంట నడవక్కర్లేదు, ఐదేసి నిమిషాలు, పదేసి నిమిషాలు, రోజులో చాలాసార్లు. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా నడకతో తగ్గుతుందిలే అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

దీనికి రివర్స్‌లో ఇంకో బ్యాచ్ ఉంటారు, రెండో వారానికే జిమ్‌కి పరిగెత్తేవాళ్ళు. బయట గాట్లు చిన్నవే గానీ లోపల పొర మానాలి, నాలుగు నుంచి ఆరు వారాలు నాలుగైదు కిలోలు మించి ఎత్తొద్దు, పొట్ట మీద బరువు పడే ఎక్సర్‌సైజులు వద్దు, లేకపోతే హెర్నియా, అంటే మానని చోట నుంచి లోపలి పేగు బయటికి తోసుకురావడం. చిన్నపిల్లల్ని ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, అమ్మలకి ఇది చాలా కష్టం, కూర్చుంటే పిల్లలొచ్చి ఒళ్ళో ఎక్కేలా చూసుకోండి.

సర్జన్ ఓకే అన్నాక, అంటే చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాలకి, నడక ఒక్కటే చాలదు. వారానికి 150 నిమిషాల నడకో సైక్లింగో ఉండాలి, దాంతోపాటు వారంలో రెండు మూడు రోజులు కండకి పని చెప్పే వ్యాయామం కూడా. పైన చెప్పిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, అదే పది సార్లు చేస్తే వ్యాయామం, ఖర్చు లేదు. గోడకి పుషప్స్, రబ్బర్ బ్యాండ్, తర్వాత చిన్న డంబెల్స్. ఈ ఆపరేషన్ల తర్వాత ఎముకల బలం కూడా తగ్గుతుంది, ఎముకకి క్యాల్షియం ఎంత అవసరమో బరువు మోసే పని కూడా అంతే అవసరం. వేలాడే చర్మం మాత్రం ఎంత వ్యాయామం చేసినా పూర్తిగా బిగుసుకోదు, బిగిస్తామని ఎవరైనా క్రీమ్ అమ్మితే కొనకండి.

మిగతావి గబగబా.

"షుగర్ నార్మల్‌కి వచ్చేసింది, మందులు నేనే మానేశా." షుగర్ నిజంగానే చాలామందికి బరువు పెద్దగా తగ్గకముందే దిగుతుంది, పాత డోస్ ఇన్సులిన్ అలాగే కొనసాగిస్తే ప్రమాదం, సొంతంగా మొత్తం ఆపేసినా ప్రమాదం. బీపీ మాత్రలకీ ఇంతే. డోస్ డాక్టర్ మార్చాలి.

"ఒక స్వీట్‌కి ఏమవుతుంది." బైపాస్ వాళ్ళకైతే అరగంటలో గుండెదడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, లేదా ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. డంపింగ్ అంటే ఇదే. స్లీవ్ వాళ్ళకి తక్కువ, అసలు రాదని కాదు.

"ఒళ్ళునొప్పులకి మామూలు పెయిన్‌కిల్లరేగా." బైపాస్ అయినవాళ్ళు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు, పొట్టకీ పేగుకీ వేసిన అతుకు దగ్గర పుండ్లు పడతాయి. సిగరెట్‌కీ అదే మాట. మందు అలవాటున్నవాళ్ళు, పాత లెక్క మర్చిపోండి, ఇప్పుడు అదే పెగ్గు చాలా త్వరగా, చాలా ఎక్కువగా ఎక్కుతుంది, అలవాటు వ్యసనంగా ముదిరే ప్రమాదం కూడా పెరుగుతుంది.

"పెళ్ళై ఇన్నేళ్ళైంది, బరువు తగ్గింది కదా వెంటనే ప్లాన్ చేసుకోవచ్చుగా." 12 నుంచి 18 నెలలు ఆగమంటాం. బరువు తగ్గేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇన్నాళ్ళూ రాలేదు కదా అని జాగ్రత్త మానేయకండి, బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలు నమ్ముకోకుండా వేరే పద్ధతి గురించి గైనకాలజిస్ట్‌ని అడగండి.

"బరువు ఆగిపోయింది, నా ఆపరేషన్ ఫెయిల్." ఇది ఎక్కువగా మూడో వారం, నాలుగో వారం వచ్చే ఫోన్. గొంతులోనే తెలిసిపోతుంది పాపం, రాత్రంతా నిద్రపోలేదని. మొదట్లో పడిన బరువులో నీరు చాలా ఉంటుంది, తర్వాత ఒళ్ళు కొంత నీరు మళ్ళీ పట్టుకుంటుంది, కొవ్వు కరుగుతూనే ఉన్నా మిషన్ కదలదు. ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఈ టైమ్‌లోనే భయపడి తిండి ఇంకా తగ్గించేస్తారు, ఆ పని మాత్రం చేయకండి. వారానికి ఒక్కసారే బరువు చూసుకోండి, షేక్ ఆపకండి, అంతగా మనసు ఆగకపోతే టేప్ పెట్టి నడుము కొలుచుకోండి, చాలాసార్లు అక్కడ తేడా తెలుస్తుంది.