బోరియల్ అడవిని తూచడం: అపోహలు, వాస్తవాలు

కెనడా ఉత్తరాన, చలిప్రాంతపు బోరియల్ అడవిలో, చెట్ల బయోమాస్ (తేమ తీసేసిన బరువు) లెక్కలు కట్టడం నా పని. ఊరికి ఫోను చేసినప్పుడల్లా ఎవరో ఒకరు “అన్నేసి చెట్లను ఏ కాటా మీద పెడతావు?” అని నవ్వుతారు. నిజానికి అది మంచి ప్రశ్నే.

అపోహ: చెట్లను నరికి తూస్తారు.

వాస్తవం: నరికిన రోజులున్నాయి. కాండం, బెరడు, కొమ్మలు, ఆకులు వేరుచేసి, తేమ పోయేదాకా ఓవెన్‌లో ఆరబెట్టి తూచారు. ఆ అంకెలతో ఒక్కో జాతికి ఒక్కో సమీకరణం కట్టారు. ఇప్పుడు మేం కొలిచేది నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం వ్యాసం, కుదిరితే చెట్టు ఎత్తు. బరువు సంగతి సమీకరణం చూసుకుంటుంది. వ్యాసం రెట్టింపయితే బరువు దాదాపు అయిదింతలవుతుంది కాబట్టి టేపు కాస్త వంకరగా చుట్టినా ఆ తప్పు లెక్కలో పెద్దదై కూర్చుంటుంది.

అపోహ: పదేళ్ల తర్వాత అదే చెట్టును కొలిస్తే పెరుగుదల తెలిసిపోతుంది.

వాస్తవం: ముందు నేల ఎక్కడుందో తేలాలి. నల్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల అడవిలో అడుగు వేస్తే కాలు మెత్తని నాచులో దిగబడుతుంది. ఆ నాచు ఏటికేడు పైకి పెరుగుతుంది. దాని మీద నుంచి మళ్లీ 1.3 మీటర్లు కొలిస్తే టేపు కాండం సన్నబడే చోటికి జరుగుతుంది. కాగితం మీద చెట్టు చిక్కిపోతుంది! ఇక్కడ మణికట్టంత లావు స్ప్రూస్‌కు నూరేళ్లుండవచ్చు, పదేళ్ల పెరుగుదల మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అందుకే మొదటిసారి కొలిచిన చోటనే రంగు గీత వేస్తాం. గీత వెలిసిపోయిన చెట్టుకు ఊహించి అంకె వేయడం నాకిష్టం లేదు, ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.

అపోహ: ఉపగ్రహాలున్నాయిగా, అడవిలో తిరగడమెందుకు?

వాస్తవం: అంతరిక్ష కేంద్రానికి అమర్చిన, చెట్ల ఎత్తు కొలిచే ‘జెడై’ లేజర్ చూపు సుమారు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆగిపోతుంది. బోరియల్ అడవిలో చాలా భాగం దానికి పైనే ఉంది. 2025లో యూరప్ పంపిన ‘బయోమాస్’ ఉపగ్రహపు రాడార్ పనిచేసే తరంగాలనే అంతరిక్ష వస్తువులను కనిపెట్టే అమెరికా రక్షణ రాడార్లూ వాడతాయి. అందుకని ఉత్తర అమెరికా మీదికి వచ్చినప్పుడు దాన్ని ఆపి ఉంచాలి. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు మాత్రం 1980ల నుంచి 30 మీటర్ల గడులలో చిత్రాలిస్తున్నాయి, అదే మా చరిత్ర పుస్తకం. మంచు కాలపు చిత్రంలో స్ప్రూస్ నల్లగా కనిపిస్తుంది, ఆకులు రాల్చే ఆస్పెన్, బర్చ్ చెట్లు మోడులై ఉంటాయి. లార్చ్ ఉందే, అది సూదాకులదై ఉండి కూడా శరదృతువులో ఆకులు రాల్చి మోసం చేస్తుంది.

అపోహ: మొత్తం బరువు మారలేదంటే అడవి మారలేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2004లో అలాస్కాలో సుమారు 27 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నాచు పొర లోతుగా కాలిన చోట్ల అడుగునున్న ఖనిజ మట్టి బయటపడింది. ఆస్పెన్, బర్చ్‌ల నలుసంత విత్తనాలకు కావలసింది అదే. నల్ల స్ప్రూస్ ఉన్న చోట అవి మొలిచి త్వరగా ఎదిగాయి. ఇలాంటి చోట కొన్ని దశాబ్దాలకు బరువు పాత అంకెను అందుకోవచ్చు, దాటనూవచ్చు. కానీ ఆకులు రాల్చే అడవి స్ప్రూస్ అంత తేలిగ్గా నిప్పంటుకోదు, కారిబూలు (రెయిన్‌డీర్ జాతి జింకలు) మేసే నాచులాంటి లైకెన్ అక్కడ బాగా పెరగదు. జాతుల వారీగా లెక్క లేకపోతే ఇదంతా ఒక్క అంకెలో కలిసిపోతుంది.

అపోహ: జాతి గుర్తించడం చిన్న పని.

వాస్తవం: తెల్ల స్ప్రూస్ లేత రెమ్మ సాధారణంగా నున్నగా ఉంటుంది, నల్ల స్ప్రూస్ రెమ్మకు సన్నని నూగు ఉంటుంది. భూతద్దం పెట్టాల్సిందే. ఒకసారి మా ప్లాట్‌లో, అంటే మేం మళ్లీ మళ్లీ కొలిచే అడవి ముక్కలో, ఒక చెట్టు పాత కొలతలో ‘తెల్ల’, తర్వాతి కొలతలో ‘నల్ల’. పట్టికలో ఒక జాతి చచ్చి ఇంకొకటి పుట్టినట్టు తేలింది. ఆ చెట్టు దగ్గరికెళ్లి రెమ్మ వంచి చూశాను. నూగు ఉంది. పాత పట్టికను సరిదిద్ది, ఆ ప్లాట్ లెక్కంతా మళ్లీ కట్టాను.