పిల్లల కంచంలో ఎంత పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

"మావాడు ఏమీ తినడం లేదండీ." పిల్లల ఆహారం గురించి సలహాకు వచ్చే తల్లుల్లో చాలామంది మొదటి మాట ఇదే. ఏ గిన్నెలో పెడుతున్నారో, ఎంత పెడుతున్నారో చూపించమంటాను. ఎక్కువసార్లు అది ఇంట్లో పెద్దవాళ్లు తినే గిన్నె, పెద్దవాళ్లు తినేంత అన్నం. అందులో మూడో వంతు తిని లేచిపోయిన రెండేళ్ల బిడ్డకు "తిండి తినడు" అని పేరు పెట్టేస్తున్నాం.

అపోహ: ఏడాది దాకా బాగా తిన్నాడు. ఇప్పుడు తిండి తగ్గిందంటే దిష్టన్నా తగిలుండాలి, జబ్బన్నా చేసుండాలి.

పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు 9 కిలోలవుతాడు. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది మాత్రం 2 నుంచి 2.5 కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. దిష్టి తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆకలి పెంచే టానిక్ కోసం మాత్రం మెడికల్ షాపుకు పరుగెత్తకండి.

అపోహ: పెట్టినదంతా తినిపించాలి, లేకపోతే చిక్కిపోతాడు.

1991లో అమెరికాలో పిల్లల తిండి అలవాట్ల మీద పరిశోధన చేసే లియాన్ బర్చ్ బృందం 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు ఆరు రోజుల పాటు తిన్నదంతా లెక్కగట్టింది. ఒక్కో పూట తిండిలో హెచ్చుతగ్గులు సుమారు 34 శాతం. అదే రోజు మొత్తానికి చూస్తే 10 శాతమే. అంటే పొద్దున ఇడ్లీ సగం వదిలేసిన పిల్ల మధ్యాహ్నమో రాత్రో ఆ లోటు పూడ్చుకుంటోంది. మనం పూట లెక్క చూసి టెన్షన్ పడుతున్నాం.

కడుపు నిండిందని చెప్పడానికి పిల్లలకు మాటలే అక్కర్లేదు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు, మూతి తిప్పేస్తారు, ఉన్నట్టుండి నీళ్లు అడుగుతారు. ఆ సమయంలో చేతికి ఫోన్ ఇస్తే నోరు తెరుచుకుంటుంది, నిజమే. బొమ్మలు చూస్తూ మరో పది ముద్దలు మింగేస్తాడు. అయితే ఆ పది ముద్దలూ ఆకలితో తిన్నవి కావు. రోజూ ఇదే జరిగితే "ఇక చాలు" అని లోపల్నుంచి వచ్చే కబురును పట్టించుకోకపోవడం అలవాటవుతుంది.

అపోహ: ఎక్కువ పెడితే నష్టమేముంది? కడుపు నిండాక వాడే ఆపేస్తాడు.

అన్నిటికన్నా ఎక్కువ నమ్మే మాట ఇదే. కొంతవరకు నిజం కూడా. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు చీజ్ వేసిన మాకరోనీని రకరకాల పరిమాణాల్లో వడ్డించారు. మూడేళ్ల వయసువాళ్లు ఎంత పెట్టినా దాదాపు ఒకేలా తిన్నారు. అయిదేళ్ల వాళ్లు మాత్రం పెట్టినకొద్దీ తిన్నారు. తర్వాతి అధ్యయనాల్లో రెండు మూడేళ్ల పిల్లల్లోనూ ఈ ప్రభావం కనిపించింది. కాబట్టి "ఈ వయసు దాకా ఫరవాలేదు" అని గీత గీయలేం.

2003లో అదే బృందం ఇంకా వివరంగా చూసింది. వయసుకు తగిన పరిమాణానికి రెట్టింపు పెడితే, ఆ వంటకాన్ని పిల్లలు 25 శాతం ఎక్కువ తిన్నారు. ఆ పూట మొత్తం కేలరీలు 15 శాతం పెరిగాయి. పెరిగింది ఒక్కో ముద్ద సైజు. ఇంకో సంగతి: పిల్లల్నే వడ్డించుకోమన్నప్పుడు, పెద్ద వడ్డనతో పోలిస్తే 25 శాతం తక్కువ తిన్నారు.

మన ఇళ్లలో అన్నం కలిపి నోట్లో పెట్టేది అమ్మో నాయనమ్మో. ముద్ద సైజు బిడ్డ చేతిలో ఉండదు. కంచం నిండా కలిపి కూర్చుంటే, త్వరగా అయిపోవాలన్న తొందరలో మనకు తెలియకుండానే ముద్ద పెద్దదవుతుంది.

అందుకే నేను చెప్పేది: రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి, అడిగితే మారు వడ్డించండి. మూడేళ్లు దాటితే చిన్న గరిటె చేతికివ్వండి. నాలుగు మెతుకులు కింద పడతాయి, పడనివ్వండి. ఒకటి నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పావు నుంచి నిండుగా, రోజుకు మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి. ఈ వయసు పిల్లల పొట్టలో పట్టేది కిలో బరువుకు 30 గ్రాములే. పది కిలోల బిడ్డకు 300 గ్రాములు, అంతే.

అపోహ: పలచగా ఉంటేనే అరుగుతుంది. గ్లాసెడు జావ తాగాడుగా, చాలు.

మన దగ్గర అసలు చిక్కు చాలాచోట్ల ఇదే. పప్పు మీది తేట పిల్లాడికి, కింది పప్పు పెద్దలకు! చారన్నం, పల్చటి జావ చిన్న పొట్టను ఇట్టే నింపేస్తాయి, బలం మాత్రం ఉండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. మెదిపిన పప్పు, గుడ్డు, చెంచా నెయ్యో నూనో కలపండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడినీ నీళ్లలా కలపకండి.

అపోహ: అన్నం తినకపోతే పాలైనా పడితే సరి.

పాలతో కడుపు నిండితే అన్నం ఎలా తింటాడు? తినలేదని మళ్లీ పాలు. ఏడాది దాటాక రోజుకు అరలీటరు మించనివ్వకండి. పాలలో ఇనుము చాలా తక్కువ. అదే సర్వేలో ఆరు నెలలు నిండి అయిదేళ్లలోపున్న పిల్లల్లో రక్తహీనత ఏపీలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం.

అపోహ: కూరగాయలు ఎలాగూ తినరు, చివర్లో ఒక ముక్క పెడితే చాలు.

ఎక్కువ పెడితే ఎక్కువ తింటారన్నది మనకు పనికొచ్చేది ఇక్కడే. 2010లో మళ్లీ పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలోనే భోజనానికి ముందు విడిగా క్యారెట్ పెట్టి చూశారు. 30 గ్రాముల బదులు 60 పెడితే పిల్లలు 47 శాతం ఎక్కువ తిన్నారు. 90 పెడితే మాత్రం అంతకన్నా పెరగలేదు. వంట అవుతుండగా ఆకలితో చుట్టూ తిరిగే పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చే బదులు ఉడికించిన క్యారెట్, బీట్‌రూట్ ముక్కలు గిన్నెలో పోసి పెట్టండి.

ఇవన్నీ ఆడుతూ పాడుతూ, బరువు సరిగ్గా పెరుగుతున్న పిల్లల సంగతి. ఎదుగుదల చార్టులో గీత వరుసగా కిందికి దిగుతున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా, తరచూ వాంతులో విరేచనాలో అవుతున్నా కంచం కొలతలు పక్కన పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు చార్టు వెంట తీసుకెళ్లండి.