చివరి ముక్క ఖరీదు

సంక్రాంతి సెలవులకు ఇల్లు నిండితే మా ఇంట్లో పేకముక్కలు బయటికి వస్తాయి. పందెం ఎప్పుడూ చింతపిక్కలే. ఈసారి రమ్మీ పక్కనపెట్టి పిల్లలకు పోకర్ నేర్పాను. రెండో రోజు రాత్రి, ఇంటర్ చదివే మా మేనల్లుడు ఒక్క ముక్క కోసం 60 పిక్కలు పెట్టాడు. కోరుకున్న ముక్కే పడింది. గుట్టంతా తనవైపు లాక్కుంటూ నా మెచ్చుకోలు కోసం చూశాడు. "ఆ 60 పెట్టకూడదురా" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. "గెలిచాను కదా మామయ్యా, తప్పెలా అవుతుంది?"

మంచి ప్రశ్న. సంభావ్యతా శాస్త్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే విషయం ఈ ప్రశ్నకు చెప్పాల్సిన జవాబులోనే ఉంది. అందుకే ఆ ఆటనే విప్పి చూపిస్తాను.

మేం ఆడింది టెక్సస్ హోల్డెమ్. అమెరికాలోని టెక్సస్‌లో పుట్టి, లాస్ వేగాస్ మీదుగా ప్రపంచమంతా పాకిన పోకర్ రకం ఇది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, తర్వాత ఒకటి, చివరగా ఇంకొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన ఐదు ముక్కలే లెక్క. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. ఎదుటివారు కాసినంత మనమూ పెడితే అది కాల్, ఆట వదిలేస్తే ఫోల్డ్.

మేనల్లుడి చేతిలో ఆటీను ఆసు, ఆటీను 9. బల్ల మీద ఆటీను రాజు, ఆటీను 4, కళావరు జాకీ, ఇస్పేటు 7. ఇంకొక్క ఆటీను పడితే ఒకే రంగువి ఐదై ఫ్లష్ అవుతుంది. బల్ల మీద అప్పటికి 90 పిక్కలున్నాయి. వాడి పిన్ని మరో 60 కాసింది.

వాడికి కనిపించేవి ఆరు ముక్కలు, కనిపించనివి 46. మొత్తం 13 ఆటీన్లలో నాలుగు బయటపడ్డాయి, మిగిలినవి 9. కాబట్టి చివరి ముక్క ఆటీను అయ్యే అవకాశం 46లో 9, అంటే 19.6 శాతం. ఐదింట ఒకటి అనుకోవచ్చు.

ఇక్కడ కొత్తగా నేర్చుకునేవారికి ఒక అనుమానం వస్తుంది. ఆ 46లో పిన్ని చేతిలోని రెండు ముక్కలు కూడా ఉన్నాయి, అవి పేకలోంచి రావు, మరి 44తో లెక్కించాలి కదా? అక్కర్లేదు. ఆ రెండూ ఆటీన్లైతే పేకలో ఆటీన్లు ఏడే ఉంటాయి, ఒక్కటే ఆటీనైతే ఎనిమిది, ఒక్కటీ కాకపోతే తొమ్మిదీ పేకలోనే ఉంటాయి. ఏది నిజమో మనకు తెలియదు. ఈ సందర్భాలన్నిటినీ వాటి వాటి అవకాశాలతో తూచి కలిపితే వచ్చేది మళ్లీ 46లో 9. పేక పైన ఉన్నా, ఎదుటివారి చేతిలో ఉన్నా, మనం చూడని ముక్క మనం చూడని ముక్కే. సంభావ్యత అనేది ముక్కకు అంటుకుని ఉండే గుణం కాదు, మనకు తెలిసినదానికి కొలత. అదే క్షణంలో అదే ముక్క గురించి పిన్ని వేసుకునే లెక్కలో వేరే సంఖ్య రావచ్చు. ఇద్దరి లెక్కా ఒప్పే. నాకు ఇది మొదటిసారి అర్థమైన రోజు ఇప్పటికీ గుర్తుంది, పేకముక్కల వైపు చూసే చూపే మారిపోయింది.

సరే, ఐదింట ఒకటి. అది ఎక్కువా తక్కువా? ఆ సంఖ్యను ఒంటరిగా చూసి చెప్పలేం. ఎంత పెడితే ఎంత వస్తుందో తెలియాలి. ఇదే ఆట 46 సార్లు జరిగి, ప్రతిసారీ ఒక్కో ముక్క పడిందనుకుందాం. 9 సార్లు వాడికి 150 చొప్పున 1350 పిక్కలు వస్తాయి. 37 సార్లు 60 చొప్పున 2220 పోతాయి. మొత్తం మీద 870 నష్టం, ఒక్కో ఆటకు దాదాపు 19. పిన్ని 60కి బదులు 20 కాసి ఉంటే? 9 సార్లు 110 చొప్పున 990 రాబడి, 37 సార్లు 20 చొప్పున 740 పోబడి. ఆటకు అయిదు పిక్కలకు పైగా లాభం. ముక్కలు అవే, అవకాశమూ అదే. మారింది ఖరీదు ఒక్కటే. 20కి కొనదగ్గ సరుకును వాడు 60కి కొన్నాడు.

ఇటువంటి తూకం మొదట నేర్పింది 1654లో ఫ్రెంచి గణితవేత్తలు బ్లేజ్ పాస్కల్, పియర్ ద ఫెర్మా రాసుకున్న ఉత్తరాలు. ఇద్దరు చెరి 32 నాణేలు పెట్టి, ముందు మూడుసార్లు గెలిచినవాడిదే మొత్తం అనుకున్నారు. ఒకడు రెండుసార్లు, మరొకడు ఒకసారి గెలిచాక ఆట ఆగిపోయింది. సొమ్ము ఎలా పంచాలి? ముందున్నవాడు తర్వాతి ఆట ఓడినా ఇద్దరూ సమానమవుతారు, కాబట్టి 32 వాడివి ఎలాగూ ఖాయం. మిగిలిన 32 మీద సగం అవకాశం ఉంది. కనుక వాడికి 48, రెండోవాడికి 16 అన్నాడు పాస్కల్. ఇంకా జరగని ఆటకు విలువ కట్టవచ్చు అన్న ఊహ ఎంత సాహసమో ఇవాళ మనకు తట్టదు. బీమా ప్రీమియం కట్టే ప్రతివారూ ఆ ఊహ మీద ఆధారపడినవారే.

మేనల్లుడు ఊరుకోలేదు. "ఆసు వచ్చినా గెలిచేవాణ్ణేమో కదా?" అన్నాడు. నిజమే, పిన్ని దగ్గర రాజుల జత మాత్రమే ఉంటే ఆసుల జత దాన్ని కొడుతుంది. మూడు ఆసులు కలిపితే 46లో 12, అంటే 26 శాతం. కానీ 210 పిక్కల గుట్టలో వాడు పెట్టాల్సినవి 60. దానికి కనీసం 28.6 శాతం అవకాశం కావాలి. అప్పటికీ చాలదు. పైగా ఆ 9 ఆటీన్లనూ పూర్తిగా నమ్మలేం. పిన్ని దగ్గర మూడు రాజులు కుదిరి ఉంటే, ఆటీను జాకీ పడినా, ఆటీను 7 పడినా ఆమెకు మూడు రాజులతో పాటు ఒక జత కూడా కుదిరి ఫుల్ హౌస్ అవుతుంది, అది ఫ్లష్ కన్నా పెద్దది. వాడి ఫ్లష్ ఓడిపోతుంది. మనకు పనికొచ్చే ముక్కలను లెక్కపెట్టేటప్పుడు, అవి ఎదుటివారికి ఏం చేసిపెడతాయో కూడా చూడాలి.

వాడి వైపు మిగిలిన ఒకే ఒక బలమైన వాదన, ఫ్లష్ పడ్డాక పిన్ని దగ్గర ఇంకొన్ని పిక్కలు రాబట్టవచ్చుననేది. న్యాయమైన వాదనే. లెక్క సరిపోవాలంటే గెలిచిన ప్రతిసారీ సగటున ఇంకో 97 రాబట్టాలి. పిన్ని ముందు అప్పటికి 40 కూడా లేవు.

ఇదే లెక్కను పిన్ని వైపు నుంచి తిప్పి చూస్తే పందెం ఎంత కాయాలో తెలుస్తుంది. 90 ఉన్న గుట్ట మీద 28 కాస్తే ఆటీను కోసం ఎదురుచూసేవాడికి ఇంకా కాస్త లాభమే. 29 కాస్తే నష్టం మొదలవుతుంది. 60 కాసిన పిన్ని చాలా బాగా ఆడింది. ఓడిపోయినా ఆ రాత్రి బల్ల దగ్గర అందరికన్నా మంచి నిర్ణయం ఆమెదే.

"మరి మంచి నిర్ణయానికి ఫలితం ఎప్పుడు కనబడుతుంది?" ఈ ప్రశ్న వాడు అడగకపోయినా నేనే ఎత్తుకున్నాను, ఎందుకంటే మనుషులను ఇదే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. 20 పిక్కలకు చేసే ఆ మంచి కాల్‌నే తీసుకోండి. వరసగా పదిసార్లు చేసినా పదిసార్లూ ఓడే అవకాశం 11 శాతం ఉంది. వందసార్లు చేశాక కూడా మొత్తం మీద నష్టంలో ఉండే అవకాశం దాదాపు 15 శాతం. వెయ్యిసార్లు చేస్తే అది వెయ్యిలో ఒక వంతు కన్నా తక్కువకు దిగుతుంది. వంద సరైన నిర్ణయాలు తీసుకుని కూడా చేతులు ఖాళీ చేసుకునేవారు ఏడుగురిలో ఒకరు ఉంటారన్నమాట. వాళ్లలో చాలామంది తమ పద్ధతే తప్పనుకుని మార్చేసుకుంటారు. తప్పుగా ఆడి గెలిచినవారు తమకు విద్య వచ్చేసిందనుకుంటారు. రెండోదే ప్రమాదకరం. మేనల్లుడి విషయంలో నేను భయపడింది దానికే.

సగటున లాభం తెచ్చే బేరంలో కూడా ఉన్నదంతా పెట్టకూడదు. 1956లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసే జాన్ కెల్లీ దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రం ప్రకారం మన 20 పిక్కల కాల్‌కు చేతిలో ఉన్నదాంట్లో దాదాపు 5 శాతం తగిన పాలు. అంటే వెనక 400 పిక్కలుండాలి.

ఇంతవరకూ ముక్కల లెక్క. ఎదుటి మనిషి అబద్ధమాడవచ్చు, అంటే చేతిలో బలం లేకున్నా ఉన్నట్టు పందెం కాయవచ్చు, దాన్నే బ్లఫ్ అంటారు. దానికీ లెక్క ఉంది. గుట్టలో ఎంత ఉందో అంత కాస్తే, ఎదుటివారు కాల్ చేయడానికి వారికి గెలిచే అవకాశం మూడింట ఒక వంతు ఉంటే చాలు. అందువల్ల అలా కాసే పందేల్లో సరిగ్గా మూడింట ఒకటి బ్లఫ్ అయితే, కాల్ చేసినా వదిలేసినా వారికి ఒకటే అవుతుంది. అంతకన్నా తక్కువ బ్లఫ్ చేస్తే మన పందేన్ని ఎవరూ కాల్ చేయరు, ఎక్కువ చేస్తే ప్రతిసారీ పట్టుకుంటారు. పోకర్‌లో బ్లఫ్ చపలత్వం కాదనీ, మంచి ఆటలో విడదీయరాని భాగమనీ గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ లెక్కలతో చూపించాడు. 2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం పిట్స్‌బర్గ్‌లో 20 రోజులపాటు నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో 1,20,000 ఆటలాడి గెలిచింది. దానికి ఎదుటివారి ముఖాలు కనిపించవు.

డబ్బుతో ఆడేచోట బల్ల యజమాని ప్రతి గుట్టలోంచి తన వాటా తీసుకుంటాడు. 5 శాతం వాటా అనుకుంటే మన మంచి కాల్ లాభంలో దాదాపు నాలుగో వంతు మాయమవుతుంది. ఆటగాళ్లందరినీ కలిపి చూస్తే మొత్తం ఎప్పుడూ నష్టమే. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారంపై తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా, మూడు ముక్కలాటను కేవలం అదృష్టపు ఆటగా వేరుచేసింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అడ్డుకున్నాయి, 2025లో పార్లమెంటు దేశమంతటికీ నిషేధం తెచ్చింది. ఈ లెక్కలు నేర్చుకోవడానికి చింతపిక్కలు చాలు.

మర్నాడు రాత్రి అదే వరసలో కూర్చున్నాం. మేనల్లుడికి మళ్లీ నాలుగు ఆటీన్లు కుదిరాయి. 80 ఉన్న గుట్ట మీద పిన్ని 15 కాసింది. వాడు పక్కన పెట్టుకున్న కాగితం మీద రెండు సంఖ్యలు వేసుకుని, 15 పిక్కలు ముందుకు తోశాడు. చివరి ముక్క కళావరు 3. పిన్ని గుట్ట తీసుకుంది. వాడు ఏమీ మాట్లాడకుండా కాగితం నాకు అందించాడు. లెక్క సరిగ్గా ఉంది.