లివర్ పెరిగిందంటే క్యాన్సరేనా?

పంజాగుట్టలోనో అమీర్‌పేటలోనో స్కానింగ్ చేయించుకుని బయటికి రాగానే మనవాళ్లు చేసే మొదటి పని, రిపోర్ట్‌లో ఉన్న 'కాడేట్ లోబ్ ఎన్‌లార్జ్‌డ్' (లివర్ వెనక భాగం పెరిగింది) అన్న ముక్కను ఫోన్‌లో వెతకడం. అప్పటికే సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, ఉన్న మనిషైతే ఇక ఇంటిల్లిపాదికీ టెన్షనే. నిజానికి సిర్రోసిస్‌లో లివర్‌లో ఒక భాగం పెరగడం చాలా మామూలు విషయం.

మచ్చ కట్టిన లివర్ అంతా ఒకేలా కుంచించుకుపోదు. కుడి భాగం చిక్కిపోతుంటే ఎడమ భాగమూ, వెనక ఉండే కాడేట్ లోబూ ఆ లోటు పూడ్చడానికి పెరుగుతాయి. అల్ట్రాసౌండ్‌లో ఇది ఒక్కోసారి అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. అయితే పెరిగింది మామూలు కణజాలమే అయితే రక్తనాళాలు దాని గుండా తమ దారిన తాము పోతాయి, అదే గడ్డయితే వాటిని పక్కకు నెట్టడమో, వాటిలోకే చొరబడటమో చేస్తుంది.

అసలు గుట్టంతా రక్తం ఎటు నుంచి వస్తోందన్న దాంట్లో ఉంది. లివర్‌కి దాదాపు ముప్పావు వంతు రక్తం పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ముఖ్యంగా ధమని మీదే బతుకుతుంది. అందుకే ట్రైఫేసిక్ సీటీలో చేతి నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అర నిమిషం దగ్గర ఒకసారి, నిమిషం దాటాక ఒకసారి, ఇంకో రెండు మూడు నిమిషాలాగి మరోసారి ఫొటోలు తీస్తారు. గడ్డ మొదటి దాంట్లో చుట్టుపక్కల కంటే తెల్లగా వెలిగి, తర్వాతి వాటిలో నల్లబడితే, సైజు సెంటీమీటరో అంతకంటే ఎక్కువో ఉంటే, సిర్రోసిస్ ఉన్నవాళ్లలో చాలాసార్లు బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని నిర్ధారిస్తారు. బడ్-చియారీ జబ్బులో, అంటే లివర్ నుంచి రక్తం బయటికి పోయే సిరలు మూసుకుపోయినప్పుడు, ఈ సూత్రాన్ని నమ్మలేం. అక్కడ కాడేట్ బాగా పెరుగుతుంది, హాని లేని గడ్డలు కూడా అలాగే వెలుగుతాయి.

లివర్ క్యాన్సర్ అనుమానంతో చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష ఒక్కటే చూసి ఊరట పడొద్దు, హడలిపోవద్దు. హెపటైటిస్ ముదిరినప్పుడూ అది పెరుగుతుంది, క్యాన్సర్ ఉన్నా కొందరిలో నార్మల్‌గానే ఉంటుంది.

సెంటీమీటరు లోపు గడ్డ అయితే సాధారణంగా మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు. ఏమీ లేకపోయినా సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాల్సిందే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త రిపోర్ట్‌తో పాటు పాత స్కాన్ సీడీలు కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే గడ్డ ఆరు నెలల్లో సగానికి సగం పెరిగిందా లేదా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.