సైటు పెట్టాం, ఆర్డర్లు రావేం? (అపోహలు - వాస్తవాలు)

నెల్లూరులో ఆన్‌లైన్ వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం, యాడ్స్ చూసుకోవడం నా పని. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అనే మాట ఒకటే: "అన్నా, సైటు అదిరిపోవాల." ఎవరికి అదిరిపోవాలి అనడిగితే మాత్రం జవాబు ఉండదు.

అపోహ: ఆర్భాటంగా ఉంటేనే జనం నమ్ముతారు

ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మే ఒకాయన సైటు పట్టుకొచ్చాడు. జీఐ (ఆ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే) గుర్తింపు ఉన్న పనితనం, సరుకు బంగారం. తెరవగానే పన్నెండు ఫొటోలు తిరిగే స్లైడర్. ఒక్కో ఫొటో 4 ఎంబీ, అంటే మొదటి పేజీయే 48 ఎంబీ. వైఫై తీసేసి ఆయన ఫోన్లోనే తెరవమన్నాను. తెల్లటి తెర. "ఏందన్నా, నెట్ స్లోగా ఉన్నట్టుంది" అన్నాడు. కొనేవాళ్ళు అంతమాట కూడా అనరు, బ్యాక్ నొక్కేస్తారు.

పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. పైగా గూగుల్ చూసేది కూడా మన సైటు మొబైల్ రూపాన్నే. ఫొటోల సైజు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్కోటి 150 కేబీకి దిగింది. కంటికి తేడా తెలియలేదు. స్లైడర్ పీకేసి, చేత్తో పట్టుకున్న గరిటె ఫొటో ఒక్కటి పెట్టాం. ఆయనకు ఫోన్లో రోజూ వచ్చే ప్రశ్నలు మూడే: పొడవెంత, నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడతాయా, నీళ్ళలో నానబెట్టొచ్చా. వాటికి జవాబులు ఫొటో కిందే రాశాం. అరగంట పని. డిజైన్ అంటే నా లెక్కలో ఇదే, రంగుల సంగతి తర్వాత.

అపోహ: తెలుగులో రాస్తే గూగుల్లో దొరకదు

యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల్లో రాస్తే దొరుకుతుంది. గొడవంతా ఫాంట్లతోనే. ఒంగోలులో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకావిడ కరపత్రం డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో తయారైంది. దాన్ని సైట్లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొచ్చాయి. సైటు చేసిన కుర్రాడు తెలివిగా కరపత్రాన్నే ఫొటోగా పెట్టేశాడు. మన కంటికి అది గోంగూర పచ్చడి, ధర, బరువు. గూగుల్ మాత్రం ముఖ్యమైన మాటల్ని బొమ్మల్లో ఇరికించొద్దని ఎప్పటినుంచో చెబుతోంది.

మొత్తం మళ్ళీ టైప్ చేయాల్సి వచ్చింది. ఆవిడ వాయిస్ టైపింగ్‌తో చెబుతుంటే అది "ఆవపిండి"ని రెండుసార్లు "ఆవు పిండి" చేసింది, చూసుకోకపోతే అమ్మకాలు గోవిందా! జనం గోంగూర అని ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొడతారు కాబట్టి పచ్చళ్ళ పేర్లు రెండు లిపుల్లోనూ పెట్టాం.

అపోహ: డబ్బు కడితే గూగుల్లో ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ

ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. డబ్బు కట్టి పైన కనబడేవి యాడ్స్, కట్టడం ఆపిన రోజే మాయం. మెటా కీవర్డ్స్ ట్యాగును (పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే మాటల జాబితా) ర్యాంకింగుకు వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. సైట్లు చేసేవాళ్ళ కొటేషన్లలో దానికి ఇప్పటికీ రేటు కనబడుతుంటే నవ్వొస్తుంది.

అపోహ: బూస్ట్ నొక్కితే ఆర్డర్లే ఆర్డర్లు

ఇంట్లో చేపల పులుసు వండి టౌన్లో డెలివరీ ఇచ్చే కుర్రాళ్ళు ఫేస్‌బుక్ పోస్టును రాష్ట్రమంతటికీ బూస్ట్ చేశారు, అంటే డబ్బు కట్టి అందరికీ కనబడేలా పెట్టారు. లైకులు శ్రీకాకుళం నుంచి కూడా వచ్చాయి. పులుసేమో నెల్లూరులోని వేదాయపాళెం దాటి పోదు. పెట్టిన డబ్బు మీద 18 శాతం జీఎస్టీ అదనం. వంటిల్లు నడిమధ్యన పెట్టుకుని చుట్టూ పది కిలోమీటర్లకే యాడ్ పరిమితం చేశాం, లైకులకు బదులు వాట్సాప్ మెసేజీలు రావాలని పెట్టాం. లైకులు పడిపోయాయని వాళ్ళు రెండ్రోజులు టెన్షన్ పడ్డారు, ఆ తర్వాత గిన్నెలు ఖాళీ అయ్యాయి. నిజానికి యాడ్ కంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ పెట్టుకోవాలి. అది ఉచితం.

అపోహ: డొమైన్ (సైటు అడ్రసు) సంగతి సైటు చేసినవాడే చూసుకుంటాడు

ఇది నా తప్పే. మొదట్లో ఒక బట్టల వ్యాపారి డొమైన్ నా ఈమెయిల్ మీద కొన్నాను. నా కార్డు గడువు తీరింది, రెన్యువల్ మెయిళ్ళు నేను చూడని ఇన్‌బాక్సులో పడ్డాయి. నెలకు పైగా ఇద్దరం గమనించలేదు. సరిగ్గా సంక్రాంతి ముందు ఫోన్: "ఏమయ్యా, నా షాపు కనబడదే?" గడువు తీరాక మామూలుగా రెన్యువల్ చేసుకునే గ్రేస్ రోజులు దాటిపోయి, డాట్‌కామ్ పేర్లకు ఉండే 30 రోజుల రిడెంప్షన్‌లో (జరిమానా కట్టి విడిపించుకునే గడువు) పడింది. జరిమానా కట్టి విడిపించాను, నా జేబులోంచే. పండగ బేరం మాత్రం తిరిగిరాలేదు.

ఇప్పుడు డొమైన్ కొనేటప్పుడు ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఆయన పేరు, ఆయన ఈమెయిల్, ఆయన ఫోన్‌కే ఓటీపీ. గడువు తేదీ కాగితం మీద రాసిస్తే కొందరు గల్లాపెట్టె మూతకు లోపల అంటించుకుంటున్నారు.