గేమింగ్ పీసీ సొంతంగా బిగించుకోవాలా, రెడీమేడ్ కొనాలా: అపోహలు - వాస్తవాలు

నా బల్ల మీదకి వచ్చే గేమింగ్ కంప్యూటర్లు రెండు రకాలు. కంపెనీ వాళ్లు బిగించి పంపినవి, యజమానులు సొంతంగా బిగించుకున్నవి. రెండింటి మూతలూ విప్పేది నేనే కాబట్టి, ఏది గొప్పదన్న వాదన వింటే ఒక్కోసారి నవ్వొస్తుంది. రెండు వైపులా తరచుగా వినబడే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: సొంతంగా బిగించుకుంటే ఎప్పుడూ చవకే

వాస్తవం: చాలాసార్లు చవకే, ఎప్పుడూ మాత్రం కాదు. 2020-21లో గ్రాఫిక్స్ కార్డులకి కరువొచ్చినప్పుడు విడిగా కార్డు దొరకడమే గగనమైంది. అప్పట్లో కొందరు ఏకంగా రెడీమేడ్ పీసీ కొని, కార్డు పీక్కుని, మిగతా డబ్బా అమ్మేశారు. పెద్ద కంపెనీలు విడిభాగాలు టోకున కొంటాయి, విండోస్ లైసెన్సు కూడా వాళ్లకి తక్కువకే పడుతుంది. సొంత బిల్డుకి లెక్క వేసేవాళ్లలో సగం మంది ఆ లైసెన్సు ఖరీదు రాసుకోవడమే మర్చిపోతారు.

మొత్తం ధర కన్నా, కోత ఎక్కడ పడిందో చూడాలి. రెడీమేడ్ డబ్బా స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో ఉండేవి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ ఎన్ని జీబీలన్నది. ఎస్ఎమ్‌పీఎస్ (గోడ కరెంటుని లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి పంచే పెట్టె) ఏ రకం, మదర్‌బోర్డు ఏ మోడల్, ర్యామ్ ఒక స్టిక్కా రెండా అన్నవి సాధారణంగా అక్కడ కనబడవు. నేను చూసినంతలో పొదుపంతా ఆ రాయని వాటిలోనే జరుగుతుంది. కొనేముందు ఈ మూడూ అడగండి. నీళ్లు నమిలితే మరో డబ్బా చూసుకోండి.

అపోహ: ప్రాసెసర్, కార్డు ఒకటే అయితే రెండు పీసీల స్పీడూ ఒకటే

ఆ మధ్య ఒక కుర్రాడు కొత్త రెడీమేడ్ డబ్బా పట్టుకొచ్చాడు. "అన్నా, నాదీ మా ఫ్రెండుదీ ఒకటే కార్డు, ఒకటే ప్రాసెసర్. వాడికి గేమ్ నున్నగా నడుస్తుంది, నాకు మాత్రం జర్కులు."

పక్క మూత తీశాను. నాలుగు ర్యామ్ స్లాట్లలో ఒక్కదాంట్లోనే స్టిక్కు ఉంది. స్టిక్కు మీద వేగం 6000 అని రాసుంటే, బయాస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో) 4800 చూపిస్తోంది. ఇందులో రెండు లోపాలున్నాయి. ఒక స్టిక్కే ఉంటే ప్రాసెసర్‌కి ర్యామ్‌కి మధ్య దారి సగమే తెరుచుకున్నట్టు. రెండోది, ర్యామ్ దానంతట అది రాసిన వేగంలో నడవదు. ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్ఎమ్‌పీ, ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎక్స్‌పో అనే ప్రొఫైల్‌ని బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. అలాంటిదే ఇంకో స్టిక్కు తెప్పించి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్లో ఒకటి, నాలుగో స్లాట్లో ఒకటి పెట్టి, ప్రొఫైల్ ఆన్ చేశాను. జర్కులు పోయాయి. అప్పుడు చూద్దును కదా, సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగుల్లో 60 దగ్గరే ఆగిపోయి ఉంది. అదీ మార్చాక వాడి మొహం చూడాలి.

ఇవే తప్పులు సొంతంగా బిగించుకున్నవాళ్లూ చేస్తారు. వాటితోపాటు మరొకటి: మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చడం. వేలు పోసి కొన్న కార్డు లోపల ఖాళీగా కూర్చుంటుంది.

కార్డు పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటే అనుకోవద్దు. ఆర్‌టీఎక్స్ 3050లో 2022లో వచ్చిన 8 జీబీ రకానికి 2560 కోర్లు. 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ రకానికి 2304 కోర్లే, మెమరీ దారి కూడా 128 బిట్ల నుంచి 96కి కుంచించుకుపోయింది. స్టిక్కర్ మీద ఉత్త "3050" అని ఉంటే ఎన్ని జీబీలో అడిగి తీరాలి.

అపోహ: బిగించడం ఇంజనీర్ల పని, చిన్న తప్పు జరిగినా అన్నీ కాలిపోతాయి

వాస్తవం: చాలా కనెక్టర్లు తిరగేస్తే దూరనే దూరవు. అలా చేశారు వాటిని. స్టాటిక్ భయం కూడా ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. మధ్యమధ్యలో కేబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటూ, ఉన్ని దుప్పటి మీద కూర్చోకుండా పనిచేస్తే చాలు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, దాని పిన్నులు. ఏఎమ్‌డీ పాత సాకెట్ ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండేవి. 2022లో వచ్చిన ఏఎం5 నుంచి, ఇంటెల్‌లో లాగే, అవి బోర్డు మీదకి వచ్చేశాయి. ప్రాసెసర్ మీద, సాకెట్ మీద ఉన్న చిన్న త్రికోణం గుర్తులు కలిపి, నొక్కకుండా అలా వదలాలి. చేయిజారి మూలన పడిందా, వెంట్రుకల్లాంటి పిన్నులు వంగిపోతాయి. భూతద్దం పెట్టి సూదితో వాటిని నిలబెట్టడం నా వృత్తిలో నాకు నచ్చని పని.

రెండోది నల్ల తెర. అన్నీ బిగించి స్విచ్ నొక్కుతారు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మీద ఏమీ రాదు. గుండె జారిపోతుంది. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ వాడే బోర్డు మొదటిసారి ర్యామ్‌తో కుదురుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎం5 బోర్డుల్లో ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆగలేక స్విచ్ ఆపి మళ్లీ నొక్కితే పని మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు మీద డీర్యామ్ అన్న చిన్న లైటు వెలుగుతోందంటే చేతులు కట్టుకుని కూర్చోండి. పావుగంటైనా కదలకపోతే అప్పుడు ర్యామ్ తీసి మళ్లీ గుచ్చండి.

మూడోది కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర. బిగించేముందు తీయాలి. తీయనివాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ప్రాసెసర్ వేడి గేమ్ మొదలైన కాసేపటికే వంద డిగ్రీల దాకా ఎగబాకి, వేగం తగ్గించేసుకుంటుంది.

నిజంగా కాల్చేది మాత్రం ఒకటుంది. ఎస్ఎమ్‌పీఎస్ మారుస్తూ, పాతదాని కేబుళ్లు ఎలాగూ సర్ది ఉన్నాయి కదా అని కొత్తదానికి తగిలించడం. కేబుళ్లు ఊడదీసే రకాల్లో, ఎస్ఎమ్‌పీఎస్ వైపు ఏ పిన్నుకి ఏ వోల్టేజీ అన్నదానికి అన్ని కంపెనీలకీ కలిపి ఒక ప్రమాణం లేదు. ప్లగ్గు చక్కగా దూరుతుంది, డ్రైవులు చక్కగా చస్తాయి. పాత కేబుళ్లు పాతదాంతోనే పోవాలి.

అపోహ: 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉంటే మంచి ఎస్ఎమ్‌పీఎస్

ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే. గోల్డ్ అంటే సగం లోడులో సుమారు 90 శాతం: లోపలికి 450 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 500 లాగుతుంది. షార్టయితే ఆగుతుందా, కెపాసిటర్లు ఎన్నాళ్లు నిలుస్తాయి అన్నవి ముద్రలో లేవు. వారంటీ ఎన్నేళ్లు ఇచ్చారో చూడండి.

అపోహ: రెడీమేడ్ అయితే ప్లగ్గు పెట్టి ఆడుకోవడమే

వాస్తవం: మొదటిసారి స్విచ్ వేసేముందు పక్క మూత తీసి చూడండి. బరువైన గ్రాఫిక్స్ కార్డు ప్రయాణంలో స్లాట్ నుంచి పైకి లేస్తుంది. దాన్ని కదలకుండా పట్టడానికి కొందరు లోపల ఫోమ్ సంచి కూరి పంపుతారు, దాన్ని తీయకుండానే ఆన్ చేసినవాళ్లూ ఉన్నారు.

వారంటీ విషయంలో మాత్రం నేను రెడీమేడ్ వైపే మొగ్గుతాను. విడిభాగాలకి వారంటీ ఎక్కువ కాలమే ఉంటుంది, కొన్ని ఎస్ఎమ్‌పీఎస్‌లకి పదేళ్లు ఇస్తారు. కానీ పాడైంది ఏ భాగమో తేల్చాల్సింది మీరే. ర్యామా, బోర్డా అని తేల్చడానికి మార్చి చూసేందుకు ఇంకో ర్యామ్ అందరి దగ్గరా ఉండదు కదా.

అపోహ: రెడీమేడ్ పీసీని తర్వాత అప్‌గ్రేడ్ చేయలేం

అది డబ్బాను బట్టి. ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. దాని ప్రకారం ఉన్న డబ్బాలో ఏ భాగమైనా మార్చుకోవచ్చు. కొన్ని పెద్ద బ్రాండ్ల డబ్బాల్లో బోర్డు ఆకారం వాళ్లదే, ఎస్ఎమ్‌పీఎస్ వాళ్లదే, మామూలు 24 పిన్నుల ప్లగ్గు కూడా ఉండదు. అలాంటిదాంట్లో పెద్ద కార్డు పెట్టాలంటే ఎస్ఎమ్‌పీఎస్ చాలదు, ఎస్ఎమ్‌పీఎస్ మార్చాలంటే బోర్డు ఒప్పుకోదు, బోర్డు మార్చాలంటే కేబినెట్‌లో రంధ్రాలు కలవవు. కొనేముందు పక్క మూత తీసిన ఫొటో ఒకటి సంపాదించి, బోర్డుకి వెళ్తున్న పెద్ద ప్లగ్గు రెండు వరసల్లో 12 పిన్నుల చొప్పున ఉందో లేదో లెక్కపెట్టుకోండి.